యూదు సమాజంలో కుటుంబ ఫౌండేషన్ల దాతృత్వం

పరిచయం

వ్యాపారంలో సంపాదించిన ధనంలో కొంత భాగాన్ని ఒక కుటుంబం విడదీసి, దానిని చట్టబద్ధమైన ఒక సంస్థకు అప్పగించి, ఆ సంస్థ ద్వారా ఏళ్ల తరబడి విరాళాలు ఇస్తూ ఉంటే, ఆ సంస్థను కుటుంబ ఫౌండేషన్ అంటారు. పండుగనాడు చేసే అన్నదానానికీ దీనికీ తేడా ఉంది. అన్నదానం ఆ పూటతో ముగుస్తుంది. ఫౌండేషన్‌లో మూలనిధి మదుపులో ఉంటుంది. దాని మీద వచ్చే రాబడి నుంచి విరాళాలు వెళ్తాయి. ఎవరికి ఎంత ఇవ్వాలన్నది ధర్మకర్తల మండలి నిర్ణయిస్తుంది. ఆ మండలిలో సాధారణంగా దాత, ఆయన భార్య, పిల్లలు, ఒకరిద్దరు నమ్మకమైన న్యాయవాదులు ఉంటారు.

ఈ అంశాన్ని అర్థం చేసుకోవడానికి యూదు సమాజాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాం. "ఎక్కడి యూదులు, ఎక్కడి మనం?" అని మీకు అనిపించవచ్చు. తరగతిలో ఈ ప్రశ్న ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. ఎంపికకు కారణం ఉంది. శతాబ్దాల పాటు యూదులకు సొంత రాజ్యం లేదు. ఏ దేశంలో ఉన్నా వారు అల్పసంఖ్యాకులే. పిల్లల చదువు, అనాథల పోషణ, పేదల పెళ్లిళ్లు, శవ సంస్కారాలు అన్నీ వారు తమ ఖర్చుతోనే జరుపుకోవలసి వచ్చింది. అందువల్ల దానం ఎలా వసూలు చేయాలి, ఎవరు పంచాలి అనే విషయాల మీద వారి దగ్గర చాలా పాత నియమాలు రాతపూర్వకంగా ఉన్నాయి. సమాజం ఉమ్మడిగా నడిపిన ఆ ఏర్పాటు పక్కనే, గత నూటయాభై ఏళ్లలో, కొన్ని సంపన్న కుటుంబాల దానం పెద్ద శక్తిగా ఎదిగింది. ఈ మార్పును దశలవారీగా గమనించవచ్చు.

పాఠం చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి. డబ్బు కుటుంబానిది, ప్రయోజనం సమాజానిది. మరి నిర్ణయం ఎవరిది?

ముందుగా ఒక హెచ్చరిక. యూదులంతా ధనవంతులని, వారంతా ఒక్కటై తెర వెనుక ప్రపంచాన్ని నడుపుతున్నారని ఒక అపప్రథ చాలాకాలంగా ప్రచారంలో ఉంది. రాత్‌షీల్డ్ కుటుంబం పేరు చెప్పి ఇప్పటికీ అలాంటి కథలు అల్లుతూనే ఉంటారు. ఆ ప్రచారం ఐరోపాలో లక్షలాది ప్రాణాలు తీసిన ద్వేషానికి ఆహారమైంది. ఈ పాఠంలో కనిపించే దాతలు వేర్వేరు దేశాలవారు, వేర్వేరు అభిప్రాయాలవారు. ఒకరు చేసిన పనిని మరొకరు తప్పుపట్టిన సందర్భాలూ ఉన్నాయి. వారిని విడివిడి వ్యక్తులుగానే చూడాలి.

దానం కాదు, న్యాయం

హీబ్రూ భాషలో దానాన్ని 'త్సెదకా' అంటారు. న్యాయం అనే అర్థమున్న 'త్సెదెక్' అనే మాటతో ఇది ముడిపడి ఉంది. మనం దానం అన్నప్పుడు ఇచ్చేవాడి ఔదార్యం ముందుగా గుర్తుకు వస్తుంది. త్సెదకా అన్నప్పుడు పుచ్చుకునేవాడికి రావలసినది అనే భావం ముందుంటుంది. ఈ భావనకు మూలం పొలంలో ఉంది. పంట కోసేటప్పుడు పొలం అంచులు కోయకుండా పేదలకు వదిలిపెట్టాలని, రాలిన వెన్నులను తిరిగి ఏరుకోకూడదని యూదుల ధర్మశాస్త్రం ఆదేశించింది. తెలుగు బైబిలు చదివినవారికి బోయజు పొలంలో రూతు పరిగె ఏరుకోవడం గుర్తుండే ఉంటుంది. ఆ పరిగె రూతుకు రైతు పెట్టిన భిక్ష కాదు, శాస్త్రం ఇచ్చిన హక్కు.

పట్టణ జీవితం పెరిగాక పొలం అంచు స్థానంలో ఊరి నిధి వచ్చింది. దాన్ని 'కుప్పా' అనేవారు. (మన కుప్పతో దీనికి సంబంధం లేదు, హీబ్రూలో ఆ మాటకు బుట్ట, పెట్టె అని అర్థం.) దీని నిర్వహణకు మిష్నా అనే ప్రాచీన ధర్మసంహిత ఒక నియమం పెట్టింది: నిధిని వసూలు చేయడానికి కనీసం ఇద్దరు, పంచడానికి ముగ్గురు ఉండాలి. ఒక్కడే వసూలుకు వెళ్తే అనుమానాలు వస్తాయి కాబట్టి ఇద్దరు. మరి పంచడానికి ముగ్గురెందుకు? ధనానికి సంబంధించిన వివాదాన్ని ముగ్గురు న్యాయమూర్తులు విచారించాలి కాబట్టి, ఎవరికి ఎంత అవసరమో తేల్చడం కూడా అలాంటి తీర్పే కాబట్టి. ఇది చిన్న నియమంలా కనిపిస్తుంది గాని ఇందులో పెద్ద సూత్రం ఉంది. ఇచ్చినవాడికి పంచే అధికారం దానంతట అది రాదు. మీరు నిధికి ఎంత వేసినా పంపకం మాత్రం ఆ ముగ్గురి చేతిలోనే ఉంటుంది.

12వ శతాబ్దంలో మైమోనిడిస్ అనే పండితుడు దానాన్ని ఎనిమిది మెట్లుగా విభజించాడు. ఈయన స్పెయిన్‌లోని కార్డోబాలో పుట్టి, ఈజిప్టులో స్థిరపడి వైద్యుడిగా ప్రసిద్ధికెక్కాడు. అన్నిటికన్నా కింది మెట్టు మొహం మాడ్చుకుని ఇవ్వడం. పైనుంచి రెండో మెట్టు, ఎవరు ఇచ్చారో పుచ్చుకున్నవాడికీ, ఎవరు పుచ్చుకున్నారో ఇచ్చినవాడికీ తెలియకుండా ఇవ్వడం. అన్నిటికన్నా పై మెట్టు ఏమిటంటే, ఆ మనిషి మళ్లీ చేయి చాచే అవసరం లేకుండా అతనికి అప్పు ఇవ్వడం, వ్యాపారంలో భాగస్వామిగా చేర్చుకోవడం, పని చూపించడం. ఈ పాఠంలో వచ్చే దాతలను అంచనా కట్టడానికి ఈ నిచ్చెన మనకు పనికివస్తుంది.

కుటుంబాలు ముందుకు వచ్చిన కాలం

1881లో రష్యా చక్రవర్తి హత్య తరువాత ఆ సామ్రాజ్యంలోని యూదుల మీద దాడులు చెలరేగాయి. లక్షల మంది పడమటి దేశాలకు తరలిపోసాగారు. ఇంత పెద్ద విపత్తును ఊరి కుప్పా మోయలేదు. సరిగ్గా ఆ కాలానికే పశ్చిమ ఐరోపాలో బ్యాంకుల ద్వారా, రైలు మార్గాల ద్వారా అపారంగా సంపాదించిన కొన్ని యూదు కుటుంబాలు ఉన్నాయి. వారిలో ఇద్దరిని పోల్చి చూద్దాం.

మొదటివాడు బేరన్ మారిస్ ద హిర్ష్. ఆటొమన్ సామ్రాజ్యంలో రైలు మార్గాలు నిర్మించి ధనవంతుడయ్యాడు. 1887లో ఆయన ఏకైక కుమారుడు చనిపోయాడు. 1891లో యూదు వలస సంఘాన్ని స్థాపించి తన సంపదలో అధికభాగం దానికి మళ్లించాడు. రష్యా యూదులను అర్జెంటీనాకు తరలించి రైతులుగా నిలబెట్టాలన్నది ఆయన పథకం. బిచ్చం వేయడం మనిషిని బిచ్చగాడిగానే ఉంచుతుందని, పని చూపించాలని ఆయన గట్టిగా వాదించాడు. మైమోనిడిస్ నిచ్చెనలో అది పై మెట్టే. అర్జెంటీనా మైదానాల్లో యూదు రైతుల గ్రామాలు వెలిశాయి. అయితే బాకీ పూర్తిగా తీరేదాకా భూమి పట్టా చేతికి రాకపోవడంతో రైతులకూ సంఘం అధికారులకూ మధ్య గొడవలు నడిచాయి. ఆ రైతుల పిల్లల్లో చాలామంది నగరాలకు వెళ్లి వైద్యులు, న్యాయవాదులు అయ్యారు. హిర్ష్ కోరుకున్నది వ్యవసాయం. కుటుంబాలు తమ కాళ్ల మీద తాము నిలబడ్డాయి గాని ఆయన అనుకున్న దారిలో కాదు. ఈ పథకం ఫలించిందా, విఫలమైందా అన్నది మీరు దేన్ని కొలబద్దగా తీసుకుంటారన్నదాని మీద ఆధారపడుతుంది.

రెండోవాడు పారిస్‌కు చెందిన బేరన్ ఎడ్మండ్ రాత్‌షీల్డ్. ఈయన కథను కాస్త నిదానంగా చూడాలి.

1882లో రష్యా నుంచి వచ్చిన కొన్ని కుటుంబాలు, అప్పట్లో ఆటొమన్ పాలనలో ఉన్న పాలస్తీనాలో రిషోన్ లెజియోన్ అనే గ్రామాన్ని స్థాపించాయి. నేల ఇసుక, నీళ్లు లేవు, వ్యవసాయం తెలిసినవారు తక్కువ. నెలల్లోనే డబ్బు అయిపోయింది. సహాయం కోరుతూ వారి ప్రతినిధి ఐరోపా వెళ్లి రాత్‌షీల్డ్‌ను కలిశాడు. బావి తవ్వడానికి ఆయన డబ్బు ఇచ్చాడు. తన పేరు బయటకు రాకూడదని షరతు పెట్టాడు. అందుకే అక్కడివారు ఆయనను పేరుతో పిలవక 'తెలిసిన దాత' అనే అర్థంలో ప్రస్తావించేవారు. ఇక్కడిదాకా చూస్తే ఇది మైమోనిడిస్ మెచ్చుకునే గుప్తదానమే.

అయితే ఆయన పేరు దాచాడు గాని పెత్తనం దాచలేదు. ఒక బావితో మొదలైన సహాయం కొన్నేళ్లలోనే అనేక గ్రామాలకు విస్తరించింది. ప్రతి గ్రామానికీ పారిస్ నుంచి నియమితులైన అధికారులు వచ్చారు. ఏ పంట వేయాలో, ఎవరికి ఎంత భృతి ఇవ్వాలో వారే నిర్ణయించేవారు. ద్రాక్షతోటలు వేయించారు, పెద్ద సారా కర్మాగారం కట్టించారు. పండిన ద్రాక్షను బజారు ధర కంటే ఎక్కువ ధరకు బేరన్ పక్షాన కొనేవారు. నష్టం ఆయన ఖాతాలో పడేది. రైతుకు తన పంట అసలు ధర ఎంతో తెలిసే అవకాశమే లేకపోయింది. 1887లో రిషోన్ లెజియోన్ గ్రామస్థులు అధికారి మీద తిరగబడ్డారు. ఈ గ్రామాలను స్వయంగా చూసివచ్చిన అహద్ హాఆమ్ అనే రచయిత, ఈ పద్ధతి స్వతంత్ర రైతులను కాక ఆశ్రితులను తయారుచేస్తోందని తీవ్రంగా విమర్శించాడు. చివరికి 1900లో రాత్‌షీల్డ్ ఈ గ్రామాల నిర్వహణను హిర్ష్ స్థాపించిన వలస సంఘానికి అప్పగించాడు. నిధులు మాత్రం కొనసాగించాడు. కొత్త నిర్వాహకులు రాయితీలను తగ్గించారు, లాభం రాని ద్రాక్షతోటలు కొన్ని పోయాయి.

ఇందులో మూడో పక్షం కూడా ఉంది. అప్పుడు కొన్న భూములు చాలాచోట్ల పెద్ద భూస్వాములవి. వాటిని కౌలుకు సాగుచేస్తున్న అరబ్ రైతులు కొన్నిచోట్ల నేల విడిచి వెళ్లవలసి వచ్చింది. దాత, గ్రహీత అనే ఇద్దరి మధ్యనే దానాన్ని చూస్తే ఆ మూడోవాడు కనిపించడు. దాతృత్వ చరిత్ర రాసినవారు చాలాకాలం ఆ రైతును వదిలేశారు.

అలాగని రాత్‌షీల్డ్‌ను ఒక నియంతగా చిత్రించడం సరికాదు. ఆయన డబ్బు లేకపోతే ఆ గ్రామాలు రెండో ఏడు చూసి ఉండేవి కావు. ఆ కుటుంబం తరువాతి కాలంలో పద్ధతి మార్చుకుంది కూడా. ఆయన కుమారుడు జేమ్స్ 1957లో చనిపోతూ ఇజ్రాయెల్ పార్లమెంటు భవనానికి నిధులు ఇచ్చాడు. 1966లో ఆ భవనం ప్రారంభమైంది. ఆ కుటుంబపు ఫౌండేషన్ 'యాద్ హనదీవ్' జెరూసలేంలో సుప్రీంకోర్టు భవనాన్ని కట్టించి ఇచ్చింది. 2023లో తెరిచిన కొత్త జాతీయ గ్రంథాలయ భవనానికీ ప్రధాన దాత అదే. పార్లమెంటును కట్టించిన కుటుంబం శాసనాలు చేయదు, కోర్టును కట్టించిన కుటుంబం తీర్పులు చెప్పదు. 1880లలో ద్రాక్షతోటల్లో తిరిగిన అధికారులతో దీన్ని పోల్చి చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: కుప్పా పంపకానికి ముగ్గురు ఉండాలన్న నియమం రిషోన్ లెజియోన్‌లో అమలై ఉంటే ఏయే నిర్ణయాలు వేరుగా ఉండేవి? పది వాక్యాల్లో రాయండి.

అమెరికా: ఫెడరేషన్ నుంచి ఫౌండేషన్‌కు

అమెరికాకు వెళ్లిన యూదులు ఊరి కుప్పాను కొత్త రూపంలో తిరిగి నిర్మించుకున్నారు. 1895లో బోస్టన్‌లో వివిధ యూదు ధర్మసంస్థలు కలిసి ఒక ఫెడరేషన్‌గా ఏర్పడ్డాయి. ఏడాదికోసారి ఉమ్మడిగా చందాలు వసూలు చేయడం, ఆసుపత్రికి ఎంత, అనాథాశ్రమానికి ఎంత అని ఒక కమిటీ కూర్చుని పంచడం దీని పద్ధతి. ఇతర నగరాలు కూడా ఈ దారినే పట్టాయి. 1914లో యుద్ధం వచ్చినప్పుడు, కాన్‌స్టాంటినోపుల్‌లోని అమెరికా రాయబారి హెన్రీ మార్గెంథౌ, పాలస్తీనా యూదులు ఆకలితో ఉన్నారని, 50,000 డాలర్లు కావాలని న్యూయార్క్‌కు తంతి పంపాడు. ఆ వసూలు నుంచే 'జాయింట్' అని అందరూ పిలిచే సహాయ సంస్థ పుట్టింది. అది నేటికీ పనిచేస్తోంది.

జూలియస్ రోజెన్‌వాల్డ్ ఇక్కడ కనిపిస్తాడు. సియర్స్ రోబక్ అనే వ్యాపార సంస్థకు అధిపతి. 1917లో యూదు యుద్ధబాధితుల కోసం కోటి డాలర్ల వసూలు మొదలైనప్పుడు, మిగతావారు ఇచ్చిన దానికి పదో వంతు చొప్పున పది లక్షల డాలర్ల దాకా తాను ఇస్తానని ప్రకటించాడు. పదిమందినీ కదిలించడానికి పెట్టిన షరతు అది. అదే ఏడాది ఆయన తన నిధిని కూడా స్థాపించాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల కోసం సుమారు 5,000 పాఠశాలలు కట్టడానికి ఆయన సహాయం చేశాడు. బుకర్ టి. వాషింగ్టన్‌తో పరిచయం ఈ పనికి ప్రేరణ. ఇక్కడా అదే షరతు: ఊరివారు తమ వంతు డబ్బో, కలపో, శ్రమో ఇవ్వాలి. ఇది యూదు ప్రయోజనం కాదు కదా అని మీరు అడగవచ్చు. త్సెదకాను తన వారికే పరిమితం చేసుకోవాలా అన్న చర్చ యూదు సమాజంలో ఎప్పుడూ ఉంది. రోజెన్‌వాల్డ్ జవాబు ఆయన చేసిన ఖర్చులో కనిపిస్తుంది.

20వ శతాబ్దం చివరి రెండు దశాబ్దాల్లో ఈ చిత్రం మారింది. సంపద కొద్ది కుటుంబాల వద్ద బాగా పోగుపడింది. పెద్ద దాతలు ఉమ్మడి చందాలో కలిసిపోవడం కంటే తమ ఆలోచనకు తామే రూపం ఇవ్వాలనుకున్నారు. కమిటీలు నెమ్మదిగా నడుస్తాయి, కొత్త ప్రయోగాలకు జంకుతాయి అన్న వారి ఫిర్యాదులో నిజం లేకపోలేదు. బ్రాంఫ్‌మన్, షస్టర్‌మన్, వెక్స్‌నర్, గ్రిన్‌స్పూన్ వంటి కుటుంబాల పేర్లు యూదు విద్య, యువజన కార్యక్రమాల వెనుక ఎక్కువగా వినిపించడం అప్పటినుంచే.

చట్టం పెట్టిన హద్దులు

అమెరికా చట్టం ఫౌండేషన్లకు పన్ను మినహాయింపు ఇస్తుంది. దానికి బదులుగా 1969 నాటి సంస్కరణ కొన్ని హద్దులు పెట్టింది. మదుపులో ఉన్న ఆస్తి విలువలో ఏటా సుమారు 5 శాతం దాతృత్వానికి ఖర్చు చేయాలి. ఫౌండేషన్‌కూ కుటుంబ సభ్యులకూ మధ్య సొంత లాభం కోసం లావాదేవీలు జరపకూడదు. ఎవరికి ఎంత ఇచ్చారో ఫారం 990-పి.ఎఫ్.లో చూపాలి, దాన్ని ఎవరైనా చూడవచ్చు.

మన దేశంలోని లెక్క వేరు. ఇక్కడ ధర్మ ట్రస్టులు పన్ను మినహాయింపు పొందాలంటే ఆదాయంలో 85 శాతం ఆ ఏడాది ధర్మకార్యాలకు వినియోగించాలన్నది సాధారణ నియమం. శాతాలు చూసి మన నియమమే కఠినమైనదని తొందరపడకండి. అక్కడి 5 శాతం మొత్తం ఆస్తి మీద, ఇక్కడి 85 శాతం ఆదాయం మీద. పది కోట్ల డాలర్ల ఆస్తి ఉన్న అమెరికా ఫౌండేషన్, ఆ ఏడాది రాబడి వచ్చినా రాకపోయినా, సుమారు 50 లక్షల డాలర్లు ఇవ్వాలి. మన ట్రస్టుకు ఆదాయం తక్కువ వస్తే ఖర్చు చేయవలసిన మొత్తమూ తగ్గుతుంది. పరీక్షల్లో విద్యార్థులు ఎక్కువగా తడబడే చోటు ఇదే.

ఇక్కడ అసలు విషయం మరొకటి ఉంది. పన్ను మినహాయింపు అంటే ఖజానాకు రావలసిన సొమ్ములో కొంత వదులుకోవడం. అంటే కుటుంబ ఫౌండేషన్ పంచే ప్రతి డాలరులోనూ కొంత ప్రజల వాటా ఉంది. "మా డబ్బు, మా ఇష్టం" అనే మాట ఫౌండేషన్ విషయంలో పూర్తిగా చెల్లదని నా అభిప్రాయం.

పిల్లల పుస్తకాలు, పది రోజుల యాత్ర

నేటి ఫౌండేషన్లు ఎలా పనిచేస్తాయో రెండు కార్యక్రమాల్లో చూద్దాం.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో స్థిరాస్తి వ్యాపారం చేసిన హెరాల్డ్ గ్రిన్‌స్పూన్ 2005లో పి.జె. లైబ్రరీని ప్రారంభించాడు. పి.జె. అంటే పైజామా, పడుకునే ముందు చదివే కథలన్న సూచన. గాయని డాలీ పార్టన్ టెనెసీలో చిన్నపిల్లలకు ఉచితంగా పుస్తకాలు పంపే పథకం నడుపుతోంది. అది చూసి, యూదు పండుగలు, విలువలు ఉన్న కథల పుస్తకాలను అలాగే ఇంటింటికీ పంపవచ్చు కదా అని ఆయనకు తోచింది. తల్లిదండ్రులు పేరు నమోదు చేస్తే చాలు, నెలనెలా పుస్తకం ఇంటికి వస్తుంది. ఖర్చులో కొంత స్థానిక యూదు సంస్థలు భరిస్తాయి. ఇజ్రాయెల్‌లో హీబ్రూ పుస్తకాలు శిశు పాఠశాలల ద్వారా అందుతాయి. అక్కడి అరబ్ పిల్లల కోసం విద్యా మంత్రిత్వ శాఖతో కలిసి నడిపే అరబీ పుస్తకాల పథకం కూడా ఉంది.

ఈ పథకంలో నాకు నచ్చింది దాని స్వభావం. అమెరికాలో చాలా కుటుంబాల్లో తల్లిదండ్రుల్లో ఒకరే యూదులు. వారు ప్రార్థనా మందిరానికి వెళ్లకపోవచ్చు, సభ్యత్వ రుసుము కట్టకపోవచ్చు. పుస్తకం వారిని ఏమీ అడగదు. ఇష్టమైతే చదువుతారు, లేకపోతే పక్కన పెడతారు. పుచ్చుకునేవాడు సులువుగా కాదనగల దానం ఇది. రిషోన్ లెజియోన్ రైతుకు లేనిది ఈ వెసులుబాటే. అయితే ఏ పుస్తకం పంపాలన్నది ఫౌండేషనే ఎంపిక చేస్తుంది. ఇంత పెద్ద ఎత్తున కొనే సంస్థ ఒకటే ఉన్నప్పుడు రచయితలు, ప్రచురణకర్తలు దాని అభిరుచి వైపు మొగ్గుతారు. దానం చేసే చేయి ఎంత మెత్తనిదైనా మార్కెట్‌ను వంచగలదు.

రెండోది బర్త్‌రైట్ ఇజ్రాయెల్. 1999లో చార్లెస్ బ్రాంఫ్‌మన్, మైకేల్ స్టైన్‌హార్ట్ అనే ఇద్దరు దాతల చొరవతో మొదలైంది. 18 నుంచి 26 ఏళ్ల యూదు యువతీ యువకులను పది రోజుల పాటు ఉచితంగా ఇజ్రాయెల్ తీసుకువెళ్తారు. ఖర్చును దాతలు, ఇజ్రాయెల్ ప్రభుత్వం, యూదు సంస్థలు పంచుకుంటాయి. ఇప్పటికి లక్షల మంది వెళ్లివచ్చారు. తమ సమాజంతో బంధం తెగిపోతున్న యువతరానికి ఇది ఆ బంధాన్ని తిరిగి కలిపిందని సమర్థకులు చెబుతారు. పాలస్తీనియుల జీవితాన్ని చూపకుండా ఒకవైపు కథనే చెబుతోందని విమర్శకులు అంటారు. 2018లో కొందరు యువకులు ఈ కారణంతోనే యాత్ర మధ్యలో బృందాన్ని విడిచి వెళ్లారు. వారిని కృతఘ్నులన్నవారూ ఉన్నారు, ఉచితంగా తీసుకువెళ్లినంత మాత్రాన నోరు మూసుకోవాలా అన్నవారూ ఉన్నారు. 1887లో ద్రాక్షతోటల్లో నడిచిన వాదనే ఇది.

ఎంతకాలం?

ఫౌండేషన్ శాశ్వతంగా ఉండాలా, కొంతకాలానికి మూతపడాలా? రోజెన్‌వాల్డ్ ఈ విషయంలో మొహమాటం లేనివాడు. ఒక తరం సమస్యలను ఆ తరం దాతలే చూసుకోవాలి, రాబోయే సమస్యలకు రాబోయే దాతలు ఉంటారు అన్నది ఆయన వాదం. తాను చనిపోయిన 25 ఏళ్లలోగా నిధి మొత్తం, అసలుతో సహా, ఖర్చు చేసేయాలని షరతు పెట్టాడు. ఆయన 1932లో చనిపోయాడు. నిధి గడువు కంటే ముందే 1948లో ముగిసింది.

న్యూయార్క్‌లో మదుపు సంస్థ నడిపిన జాల్మన్ బెర్న్‌స్టీన్ 1984లో 'అవీ ఖాయ్' ఫౌండేషన్ స్థాపించాడు. హీబ్రూలో ఆ పేరుకు 'నా తండ్రి జీవించి ఉన్నాడు' అని అర్థం. యూదు పాఠశాలలు, వేసవి శిబిరాలు దీని ప్రధాన రంగాలు. పాఠశాల భవనాలకు వడ్డీ లేని అప్పులు కూడా ఇచ్చింది. మైమోనిడిస్ పై మెట్టు మీకు గుర్తుకు రావాలి. 1999లో ఆయన చనిపోయాక, దాతను ఎరిగిన ధర్మకర్తలు ఉండగానే నిధిని ఖర్చు చేసి ముగించాలని మండలి నిర్ణయించింది. దశాబ్దానికి పైగా ముందే ప్రకటించి, 2020 నాటికి ఉత్తర అమెరికాలో విరాళాలు ముగించింది. చార్లెస్ బ్రాంఫ్‌మన్, ఆయన భార్య ఆండ్రియా పేరిట ఉన్న ఫౌండేషన్ 2016లో ఇలాగే మూసివేసుకుంది.

ఇవి చెప్పి మూసినవి. చెప్పకుండా మూతపడినవీ ఉన్నాయి. 2008 డిసెంబరులో బెర్నార్డ్ మేడాఫ్ మోసం బయటపడింది. యూదు సమాజంలోని పరిచయాలు, నమ్మకం ఆధారంగా అనేక ధర్మసంస్థల డబ్బు అతని దగ్గరకు చేరింది. కాలిఫోర్నియాలోని చైస్ కుటుంబ ఫౌండేషన్ కొద్ది రోజుల్లోనే మూతపడింది. దాని విరాళాల మీద నడిచే సంస్థలకు మరుసటి నెల జీతాలు ఎక్కడి నుంచి తేవాలో తెలియలేదు. ఒకే కుటుంబం మీద ఆధారపడిన పాఠశాలకు ఆ కుటుంబపు మదుపు తప్పిదం కూడా తన తప్పిదమే అవుతుంది. చందాలు వేయి చేతుల నుంచి వచ్చే ఫెడరేషన్‌కు ఈ ప్రమాదం తక్కువ.

ముంబయి, పుణె, చేబ్రోలు

ఈ చరిత్ర మన దేశంలోనూ ఉంది. 1830ల ప్రాంతంలో బాగ్దాద్ నుంచి బొంబాయి వచ్చిన డేవిడ్ ససూన్ పత్తి, నల్లమందు వ్యాపారంలో గొప్ప సంపద కూడబెట్టాడు. చైనాకు పంపిన నల్లమందు ఎందరి జీవితాలను నాశనం చేసిందో చరిత్ర విద్యార్థులకు చెప్పనవసరం లేదు. అదే డబ్బుతో బైకుల్లాలోని మాగెన్ డేవిడ్, పుణెలోని ఓహెల్ డేవిడ్ వంటి సమాజమందిరాలు లేచాయి. పుణెలోని ససూన్ ఆసుపత్రి, ముంబయిలోని డేవిడ్ ససూన్ గ్రంథాలయం ఏ మతంవారికైనా తెరిచినవి. ఆయన మనుమడు జేకబ్ ససూన్ బైకుల్లాలో యూదు పిల్లల చదువు కోసం నెలకొల్పిన పాఠశాల ఇప్పటికీ నడుస్తోంది. 1948 తరువాత యూదు కుటుంబాలు చాలావరకు ఇజ్రాయెల్‌కు, ఇతర దేశాలకు వెళ్లిపోయాయి. ఇప్పుడు ఆ బడిలో చదివేవారిలో అత్యధికులు ముస్లిం పిల్లలు. దాత అనుకున్న పిల్లలు లేరు, బడి ఉంది, చదువుకునే పిల్లలు ఉన్నారు.

దాత పేర్కొన్న ప్రయోజనం అసాధ్యమైనప్పుడు దానికి దగ్గరగా ఉన్న మరో ప్రయోజనానికి నిధిని మళ్లించడానికి న్యాయస్థానాలకు అధికారం ఉంది. దీన్ని 'సై ప్రే' సూత్రం అంటారు. భారతీయ ట్రస్టు చట్టాల్లోనూ దీనికి చోటుంది.

తెలుగు నేలకు వస్తే, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 'బెనే ఎఫ్రాయిం' అనే చిన్న సమూహం తాము ఇజ్రాయెల్ వంశజులమని చెప్పుకుంటూ యూదు ఆచారాలు పాటిస్తోంది. వీరు మాదిగ కుటుంబాలకు చెందినవారు. అమెరికాలోని కులాను అనే స్వచ్ఛంద సంస్థ వంటివి వీరికి కొంత చేయూతనిచ్చాయి. ఇజ్రాయెల్ ప్రభుత్వం మాత్రం వీరిని యూదులుగా గుర్తించలేదు. 'యూదు ప్రయోజనాల కోసం' అని ట్రస్టు పత్రంలో రాసుకున్న ఫౌండేషన్ ముందుకు వీరి దరఖాస్తు వస్తే, ఎవరు యూదులో తేల్చేది ఆ ఫౌండేషన్ ధర్మకర్తలే. మత పండితులు శతాబ్దాలుగా వాదించుకుంటున్న ప్రశ్నకు ముగ్గురు నలుగురు కుటుంబ సభ్యులు ఒక మధ్యాహ్నం సమావేశంలో జవాబు చెప్పేస్తారు.

అభ్యాసం: మీ ఊళ్లో లేదా దగ్గరి పట్టణంలో ఒక కుటుంబం పేరుతో నడిచే ధర్మసత్రం, పాఠశాల లేదా ట్రస్టును ఎంచుకోండి. దొరికితే దాని ట్రస్టు పత్రం నకలు చదవండి. లేకపోతే నిర్వాహకులను అడిగి తెలుసుకోండి. అది ఎవరి కోసం పెట్టబడింది, ఇప్పుడు ఎవరు వాడుకుంటున్నారు, ధర్మకర్తల్లో కుటుంబం వెలుపలివారు ఎందరు, లబ్ధిదారులు ఏదైనా నిర్ణయాన్ని మార్పించిన సందర్భం ఉందా అన్న వివరాలతో నాలుగు పేజీల నివేదిక రాసి, అధ్యయన కేంద్రంలో మీ కౌన్సెలర్‌కు అందజేయండి.